నాచారం నత్తకు మరొకరి పేరు

విమలాదేవి గారు కన్నుమూశారని మొన్న ఉదయం ఆమె భర్త ఫోన్‌లో చెప్పినప్పుడు నేను ఉప్పల్ బస్టాపులో ఉన్నాను. జంతుశాస్త్ర అధ్యాపకురాలైన ఆ విదుషీమణికి నేను తొలుత శిష్యురాలిని, తరువాత సహోద్యోగిని.

వానలు పడితే మేడమ్ ఇంట్లో నిలిచేవారు కారు. నాచారం గుట్ట మీద, బండల సందుల్లో, జొన్నగింజంత నత్త ఒకటి ఆమె కంటబడింది. ఏళ్ల తరబడి పరిశీలించి, అది శాస్త్రానికి తెలియని జాతి అని నిర్ధారించుకున్నారు. దానికి 'నాచారమెన్సిస్' అని నామకరణం చేయాలని ఆమె సంకల్పం. లాటిన్‌లో నాచారానికి చెందినది అని దాని అర్థం. మీ పేరే పెట్టుకోవచ్చు కదా అంటే నవ్వారు. "ఎవల పేరు వాళ్లు పెట్టుకుంటరా? గుట్ట లేకుంటే నత్త యాడిది? గుట్ట పేరే ఉండాలె."

నా సహాధ్యాయి ఒకణ్ని మేడమ్ చిల్కానగర్‌లోని తమ ఇంట్లో ఉంచుకుని, అన్నం పెట్టి చదివించారు. అతడు పరిశోధనకు దూరపు విశ్వవిద్యాలయానికి వెళుతూ, నిపుణులకు చూపిస్తానని ఆమె ఏరిన నత్త గుల్లలనూ గీసిన చిత్రాలనూ తీసుకుపోయాడు.

చివరికి అతని వ్యాసం అచ్చయింది. నత్తకు తన గైడు పేరు పెట్టాడు. కృతజ్ఞతల్లో సైతం మేడమ్ ప్రస్తావన లేదు.

"పేరు చివర గీ 'ఐ' ఉన్నది సూడు, ఆయనది అని దానర్థం," అన్నారు మేడమ్. "గుట్ట మొఖం సూడనోనిది ఎట్లయిందే?"

ఫిర్యాదు చేద్దామన్నాను.

"ఏం లాభం? మొదలు అచ్చయిన పేరే నిలుస్తది. గది రూలు."

మరునాడు తరగతిలో ఆ పేరునే బోర్డు మీద రాసి, అర్థం వివరించారు. మధ్యలో ఒకచోట ఆగారు. నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టారు.

కిందటి నెల ఆమె దవాఖానాలో ఉండగా అతడు పండ్లు పట్టుకొచ్చాడు. "మేడమ్, ఈసారి కొత్త జాతి దొరికితే మీ పేరే పెడతా."

"నా పేరు ఎవరడిగిన్రు బిడ్డా? నాకొక్క మాట చెప్తవనుకున్న. గంతే," అని గోడవైపు తిరిగిపోయారు.

అంత్యక్రియల వేళ అతడు అందరికంటే ముందు నిలిచి, "నన్ను సాకిన తల్లి" అని బిగ్గరగా ఏడ్చాడు. సంతాప సభలో మాట్లాడతానన్నాడు. మేడమ్ భర్త అతని భుజం మీద చేయి వేశారు. "ఇంటికి రా, అన్నం తిను. సభల మాత్రం మాట్లాడకు."

మేడమ్, మీ వంటి గురువు మాకు మళ్లీ లభించరు. మీ పాదాలకు నమస్కరిస్తున్నాను. మీరు అతణ్ని క్షమించారో లేదో నాకు తెలియదు. నేను క్షమించలేదు.