కాళ్ళమ్మాయి

వీధిలో ఆమెను అందరూ కాళ్ళమ్మాయి అనేవాళ్ళు. అసలు పేరు ఆసుపత్రి వాళ్ళకు తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. షుగరున్న వాళ్ళకు పాదాలెందుకు మొద్దుబారతాయి, దానికి ఏ మందు పనిచేస్తుంది అని ఆసుపత్రిలో పరిశోధన చేస్తున్నారు. అందులోకి తన వాళ్ళను రప్పించడం ఆమె ఉద్యోగం. ఆ ఊళ్ళో ఆమె వాళ్ళు కొద్దిమందే. భాష వేరు, తీరు వేరు, ఆడా మగా అందరిదీ దాదాపు ఒకటే పని, పెద్ద లాండ్రీలో తడినేల మీద పొద్దస్తమానం నిలబడటం. ఊళ్ళోవాళ్ళ పాదాలు చూసి తయారుచేసిన మందు వీళ్ళ పాదాలకు పనిచేస్తుందో లేదో ఎవరికి తెలుసు? ఆమె తండ్రికి కాల్లో మేకు దిగినా తెలియలేదు. తెలిసేసరికి కాలే తీసేయాల్సి వచ్చింది. అందుకే ఈ ఉద్యోగాన్ని ఆమె పట్టుకుని వదల్లేదు.

మొదట ఆసుపత్రి వాళ్ళతో తల బద్దలుకొట్టుకుంది. వాళ్ళొక కరపత్రం వేయించారు. అందులో భాష పేరుకు వీళ్ళదే గానీ ఏ ఇంట్లోనూ ఎవరూ అలా మాట్లాడరు. బొమ్మలో తెల్లటి సోఫా మీద నవ్వుతున్న కుటుంబం ఒకటి. అది చూసి వీధిలో ఒక్కరూ రాలేదు.

"ఈ సోఫా వాళ్ళనే పిలుచుకోండి సార్. మావాళ్ళు రారు," అంది పెద్ద డాక్టరుతో.

పోరగా పోరగా ఆయన దిగొచ్చాడు. పరీక్ష లాండ్రీ వెనకగదిలోనే, షిఫ్టు దిగాక. ఆడవాళ్ళకు ఆడవాళ్ళే చూడాలి, మాటలన్నీ ఇంటి భాషలో సాగాలి. ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే పిన్ని చేత ఆమె వీధంతా ఒక మాట చెప్పించింది. పిన్ని మాటకు అక్కడ తిరుగులేదు. జనం విరగబడి వచ్చారు.

పరీక్ష కూడా బ్రహ్మవిద్య ఏమీ కాదు. కళ్ళు మూసుకుని కూర్చోవాలి. సన్నటి నైలాన్ పోగును పాదం కింద అక్కడక్కడా ఆనిస్తారు. తగిలితే తగిలిందని చెప్పాలి, అంతే. అందరికీ అన్నిచోట్లా తగిలింది.

పెద్ద డాక్టరు పొంగిపోయాడు. "మీవాళ్ళ పాదాలు భేషుగ్గా ఉన్నాయమ్మా! ఇక మీ వీధితో పనిలేదు. వచ్చే వారం నుంచి వేరే పేట చూసుకుందాం."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పిలిచినప్పుడు రాక చంపారు, వచ్చి ఇలా ముంచారు. మొన్నటికి మొన్న పిన్ని, చెప్పు ఒకటి రోడ్డు మీదే జారిపోతే, ఆ సంగతి తెలియకుండా ఒంటి చెప్పుతో ఇంటికొచ్చింది. ఆ పాదాలు భేషట!

ఆ సాయంత్రం పిన్నిని మళ్ళీ లాక్కొచ్చి కుర్చీలో కూలేసింది. షిఫ్టు దిగిన ఆడవాళ్ళు చుట్టూ మూగారు.

"కళ్ళు మూసుకో," అని, పోగును జేబులో పెట్టేసుకుని చేతులు కట్టుకు నిలబడింది.

"ఆఁ, తగిలింది," అంది పిన్ని. కాస్త ఆగి, "మళ్ళీ తగిలింది. ఇప్పుడు బొటనవేలి దగ్గర."

"నా తలకాయ తగిలింది! కళ్ళు తెరువు."

పిన్ని ఆ ఖాళీ చేతులు చూసి నవ్వబోయింది. ఎవరూ నవ్వకపోయేసరికి మానుకుంది.

"ఎందుకు పిన్నీ ఈ అబద్ధాలు?"

"నీ కోసమేనే పిచ్చిదానా. మనవాళ్ళంతా రోగిష్టివాళ్ళని తేలితే ఆ డాక్టర్ల దగ్గర నీకు మాటొస్తుంది కదా. ఎక్కడ పెట్టినా తగిలిందనండర్రా అని అందరికీ నేనే చెప్పా." పిన్ని గొంతు తగ్గింది. "అయినా ఇక్కడ పనిలో చేరేటప్పుడు కాళ్ళనొప్పులన్న వాళ్ళని ఆ పూటే ఇంటికి పంపేశారు. అప్పట్నుంచీ ఎవరడిగినా బాగున్నాయనే చెప్తున్నాం. నోటికి అదే అలవాటైపోయింది."

ఇంటింటికీ ఆ నోటినే తిప్పింది తనే కదా! కాళ్ళమ్మాయికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"ఇది నా పరీక్ష కాదు పిన్నీ! ఇందులో తప్పితే నిన్నూ ఎవరూ వెళ్ళగొట్టరు. నాన్న కూడా ఇలాగే బాగుంది, బాగుంది అంటూ..." కోపంతో మొదలైన మాట ఏడుపులోకి దిగి ఆగిపోయింది.

పిన్ని కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది. తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగింది. "విన్నారుగా? తగిలితేనే తగిలిందనండి." కుర్చీలో సర్దుకు కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకుంది. "కానీయ్. ఈసారి ఒట్టు, నిజమే చెప్తా."

కాళ్ళమ్మాయి నేల మీద కూర్చుని, బొటనవేలి కింద పోగు వంగేదాకా నొక్కింది. పిన్ని మాట్లాడలేదు. చిటికెనవేలి కింద నొక్కింది, పాదం మధ్యలో నొక్కింది, రెండో పాదానికి వెళ్ళి మళ్ళీ మొదటినుంచీ నొక్కుకుంటూ వచ్చింది. ఆడవాళ్ళంతా మెడలు చాచి చూస్తున్నారు. అన్నిచోట్లా అయిపోయాక ఆమె పోగును ఒళ్ళో పెట్టుకుంది.

పిన్ని ఇంకా కళ్ళు మూసుకునే ఉంది.

"ఎంతసేపే ఇలా కూర్చోబెట్టడం?" అని విసుక్కుంది. "ఇంకా మొదలుపెట్టవేం?"