నూనె గుంటకు పెట్టిన బొట్టు

మొన్న ఆయుధపూజకు రేణిగుంట రోడ్డులో ఉన్న మా బావమరిది షెడ్డుకు వెళ్ళాను. గుమ్మడికాయ, నిమ్మకాయలు, అరటి పిలకలు, ఏర్పాటు ఘనంగానే ఉంది. కొత్తగా చేరిన పనివాళ్ళు చందనం గిన్నె పట్టుకుని కనిపించిన ప్రతి ఇనుప వస్తువుకూ బొట్లు పెట్టుకుంటూ వస్తున్నారు. నా స్కూటర్‌కు కూడా పెట్టేశారు. పాత లేత్ మిషను దగ్గరికి రాగానే మా బావమరిది చేయి అడ్డం పెట్టాడు. దాని మీద అక్కడక్కడా సుద్దముక్కతో గీసిన సున్నాలున్నాయి. "సున్నా గీసిన తావుల్లో వద్దప్పా. మిగతా యాడైనా పెట్టుకోండి" అన్నాడు. ఇదేం మడి అన్నట్టు చూశారు వాళ్ళు. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే కార్వేటినగరం అత్త గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

ఆమె మా ఆవిడకు మేనత్త. ఆమె భర్త ఇంటి పక్కన రేకుల కొట్టంలో ఈ లేత్ పెట్టుకుని బోరు మోటార్ల షాఫ్టులు, చెరకు గానుగల ఇరుసులు సాపు చేసేవాడు. ఆయన పోయాక కొట్టానికి తాళం పడింది. పాత ఇనుము వ్యాపారులు ఎన్నిసార్లు వచ్చినా అత్త వాకిట్లోంచే పంపేసేది. అప్పుడే మా బావమరిది ఉద్యోగం మానేసి సొంత షెడ్డు పెట్టుకుంటున్నాడు. అతను అడిగితే ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. "నడిపేదుంటేనే తీసకపో నాయనా. మూల పడేసేదానికైతే నా ఇంటి మూలే మేలు. వచ్చే నెల నేనే వచ్చి సూస్తా" అంది. ఆమె అన్నదంటే వస్తుంది.

మిషను లారీ దిగింది గానీ క్యారేజ్ కదల్లేదు. కోసే పనిముట్టును మోసుకుంటూ పొడుగాటి ఇనుప పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరిగే భాగం అది. చేతి చక్రం తిప్పితే బల్ల సొరుగు జరిగినట్టు జరగాలి. మా వాడు రెండు చేతులతో వేలాడాడు. నేనూ ఒక చేయి వేశాను, నడుం పట్టేసింది తప్ప లాభం లేదు. చిత్తూరు నుంచి వచ్చిన స్నేహితుడొకడు చూసి, "పట్టాలు తుప్పు తినేసుంటాయబ్బా. తూకానికి ఏసెయ్" అని టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ మాటతో మా బావమరిది ముఖం వాడిపోయింది. తూకానికి వేసి అత్తకు ఏ ముఖం చూపిస్తాడు?

ఆ ఆదివారం విప్పడం మొదలుపెట్టాడు. టార్చి పట్టుకోవడం నా వంతు. నేను బడిపంతులుగా రిటైరైనవాణ్ణి, అంతకన్నా పెద్ద పని నాకు ఎవరూ చెప్పరు. వెనక బిగింపులు వదులు చేసి, అడ్డమున్నవన్నీ తీసి, కిరసనాయిలు పోసి నానబెట్టి, క్యారేజ్‌ను అంగుళం అంగుళం తోసుకుంటూ చివరి నుంచి బయటికి లాగాము. అడుగున ఎర్రటి జిగురు, కారిన లక్కలా గట్టిపడి ఉంది. నూనె పోసే గుంటలన్నీ ఆ ఎరుపుతోనే పూడిపోయాయి. కాఫీ తెచ్చిన మా ఆవిడ వంగి వాసన చూసింది. "ఇది దీపాలకు పోసే నూనె కదరా. అత్త శుక్రవారం శుక్రవారం కొట్టం తెరిచి దీనికి పూజ చేసేది, నీకు తెలీదా?" అంది తమ్ముడితో.

నూనె గుంటలు గుండ్రంగా, బొట్టుకు కొలిచి చేసినట్టుంటాయి. అత్త వాటిలోనే చందనం అద్ది కుంకుమ పెట్టింది. దీపానికి పోయగా మిగిలిన నువ్వుల నూనెను తుప్పు పట్టకుండా పట్టాలకు పూసింది. ఏళ్ళు గడిచేసరికి రెండూ కలిసి జిగురై బిగుసుకున్నాయి. ఆయన పోయాక తన నుదుటికి మానేసిన బొట్టు ఆయన మిషనుకు మానలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మా బావమరిది మాత్రం చెక్క పుల్లతో జిగురు గీకుతూ, "మిషన్‌ను పట్టేసింది నీ పూజే అని ఆమెకెట్ల చెప్పేది బావా?" అన్నాడు. గీకిన చోట గుడ్డతో తుడిచాడు. పట్టా తళతళలాడింది. ఆ మూల నుంచి ఈ మూల దాకా తుప్పు మచ్చ లేదు.

గుంటల్లో తీగ పెట్టి పొడిచి, అసలు మిషను నూనె పోసి, బిగింపులు సరిచేసేసరికి వారం పట్టింది. అత్త అన్నట్టే వచ్చింది, పొట్లంలో కుంకుమతో సహా. చక్రం మీద వేలు ఆనించింది. క్యారేజ్ మెత్తగా జరిగింది. మళ్ళీ వెనక్కి తిప్పి చూసింది. "ఆయన పోయినాక ఒకసారి తిప్పి సూస్తి, కదల్లేదు. మనిషి లేడని అలిగిందనుకుంటి" అంది. నేను మా వాడి వైపు చూశాను. "నువ్వు పూసిన నూనే దీన్ని కాపాడింది అత్తా. పట్టాలకు తుప్పనేదే లేదు" అన్నాడు వాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆమె పొట్లం విప్పి నూనె గుంట వైపు వేలు చాచింది. "ఈడ పెట్టత్తా, వచ్చినోళ్ళందరికీ కనపడతాది" అని ఇనుప కడ్డీని పట్టి తిప్పే చక్ పైన నున్నటి చోటు చూపించాడు. ఆమె అక్కడే పెట్టింది. తర్వాత కూడా ఏటా వచ్చి అక్కడే పెట్టేది.

ఇప్పుడు అత్త లేదు. మొన్న పూజయ్యాక సున్నా గీసిన ఒక నూనె గుంటలోకి వంగి చూశాను. అంచున సన్నటి ఎర్ర గీత ఇంకా ఉంది. "అది కిరసనాయిలుకు రాలేదు బావా" అన్నాడు మా వాడు, ఇంకెటో చూస్తూ. పుల్లతో ఒకసారి గీకితే వచ్చేదే. కాలం అన్నిటినీ తుడిచేస్తుందంటారు గానీ, తుడవడానికి దానికీ మన చేతులే కావాలి.