ఎడమ ఇండికేటర్‌తో నడిచిన ఏసీ

మొన్న శుక్రవారం మా తమ్ముడు కోరుట్లలో కొత్త కారుకు పూజ చేయించాడు. అయ్యగారు కొబ్బరికాయ కొట్టి, కారు లోపలికి వంగి, టచ్ స్క్రీన్ మీద సరిగ్గా ఏసీ బొమ్మ ఉన్నచోటే తడి కుంకుమబొట్టు పెట్టాడు. తమ్ముడి మొహం చూడాలి! "అయ్యగారూ, గక్కడ గాదు" అంటూ వాడు చేతిరుమాలు తీసేలోపే నేను డోరు పట్టుకుని నవ్వీ నవ్వీ కూలబడ్డాను. మనవలున్న ఆడది నడిరోడ్డు మీద ఇట్లా నవ్వొచ్చా అన్నట్టు మరదలు చూసింది. దానికేం తెలుసు? నాకు మా మామ లారీ గుర్తొచ్చింది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఊరు ఇబ్రహీంపట్నం. పెళ్లయిన కొన్నాళ్లకే దుబాయి వెళ్లాడు. ఎడారి ఏ దేశంలో ఉన్నా మా దగ్గర దాన్ని దుబాయే అంటారు లెండి. అక్కడ లారీ నడిపి నడిపి జుట్టు నెరిశాక తిరిగొచ్చాడు. ఫోన్లో అత్తమ్మ అడిగే మొదటి మాట, "ఎండ ఎట్లున్నది?" మామ చెప్పే మొదటి మాట, "నాకేం ఎండనే? నా బండిల ఏసీ ఉన్నది. గజగజ వణుకుతున్న." అత్తమ్మ నమ్మితేనా! తను బాధపడుతుందని అట్లా చెబుతున్నాడని ఆమె అనుమానం. అందుకే ఆయన అక్కడున్నన్నాళ్లూ తన కోసం కూలర్ వేసుకోలేదు. ఎండాకాలం మేం వెళ్తే మాకు వేసిపెట్టి, తను విసనకర్ర పట్టుకుని అరుగు మీదికి పోయేది. "మీ మామ గక్కడ ఉడుకుతాంటె నాకు కూలర్ గాలి ఎట్ల పడతది?" అనేది.

తిరిగొచ్చిన మామ చేసిన మొదటి పని, క్యాబిన్లో ఏసీ ఉన్న ఒక ముసలి లారీ కొనడం. పసుపు బస్తాలు మార్కెట్టుకు వేయడానికని ఊరికి చెప్పాడు గానీ, అసలు సంగతి అత్తమ్మను అందులో కూర్చోబెట్టి తన మాట నిజమని ఒప్పించడం. అప్పుడే సిరిసిల్లలో ఆమె చెల్లెలి గృహప్రవేశం వచ్చింది, అదీ మండే ఎండల్లో. "లారీలనే తీస్కవోత. సిరిసిల్ల వచ్చేసరికి స్వెటర్ అడుగుతవు సూడు" అని సవాలు చేశాడు. సవాలు చేసిన వారంలోనే ఏసీ చచ్చిపోయింది. "గిదా నువ్వు గజగజ వణికిన ఏసీ?" అంది అత్తమ్మ. మామ మొహం మాడిపోయింది.

జగిత్యాలలో ఒకాయన గ్యాసు అయిపోయిందని నింపి పంపాడు. కోరుట్లలో ఇంకొకాయన కంప్రెషర్ పోయిందని తల అడ్డంగా ఊపాడు. గాలి మాత్రం పొయ్యి ముందు కూర్చున్నట్టే వచ్చేది. అంతలో ఒక వింత బయటపడింది. ఎడమ ఇండికేటర్ వేస్తే చల్లగాలి! లైటు వెలిగితే ఏసీ టక్కుమని అందుకునేది, ఆరితే టక్కుమని ఆగేది. పూర్తి చల్లన కాకపోయినా అదే భాగ్యమని మామ నన్ను ఎక్కించుకుని, ఇండికేటర్ అట్లాగే ఉంచి కోరుట్ల దాకా ట్రయల్ కొట్టాడు. వెనక బస్సు డ్రైవరు మేం ఇప్పుడు తిరుగుతాం, అప్పుడు తిరుగుతాం అని చూసి చూసి, ఓపిక చచ్చి పక్కకొచ్చి తల బయటపెట్టాడు. "ఓ పెద్దమనిషీ, ఎటు మలుపుతవ్?" అని అరిచాడు. "మలుపుడేం లేదు, గిది సల్లగాలి కోసం ఏసిన!" అన్నాడు మామ. నేను సిగ్గుతో సీటు కిందికి జారిపోయాను.

మర్నాడు పొద్దున్నే మామ డాష్‌బోర్డు విప్పాడు. బల్బుకు రెండు వైర్లు కట్టి టెస్టింగ్ లైటని నా చేతికిచ్చాడు. లోపల చూద్దునా, పాత ఓనరు ఎవరోగానీ ఒక్క ఎర్ర వైరు చుట్ట కొని లారీ అంతా అదే వేసినట్టున్నాడు. హారన్ వైరూ ఎర్రనే, ఏసీ వైరూ ఎర్రనే. మామ కంగారు పడలేదు. ఒక్కో వైరును వేళ్ల మధ్య పట్టుకుని చివరిదాకా వెతుక్కుంటూ వెళ్లాడు. ఇండికేటర్ వైరు పైతోలు ఊడి ఏసీ వైరుకు తగులుతోంది. మమ్మల్ని కోరుట్ల దాకా చల్లబరిచింది ఆ దొంగ కరెంటే. మరి అసలు కరెంటు ఎక్కడ ఆగింది? ఏసీ స్విచ్చులోకి పోయే వైరు దగ్గర బల్బు వెలిగింది, బయటికొచ్చే వైరు దగ్గర వెలగలేదు. స్విచ్చు విప్పితే లోపల పచ్చటి ముద్ద గట్టిపడి ఉంది. మామ గోటితో గీరి వాసన చూశాడు.

"పసుపు బిడ్డా. మన చేన్లదే."

అత్తమ్మ ప్రతి శుక్రవారం లారీకి పూజ చేసేది. స్టీరింగు, గేరు రాడ్డు, చేత్తో పట్టుకుని తిప్పేదేదున్నా తడి పసుపు, కుంకుమ, పైన నాలుగు చుక్కల కొబ్బరినీళ్లు. ఏసీ పాడయ్యాక దిష్టి తగిలిందని ఆ స్విచ్చుకు రెండింతలు పెట్టింది. పాపం, ఆమె మొక్కినకొద్దీ అది ఇంకా మొండికేసింది.

"అత్తమ్మకు చెప్తవా?" అన్నాను.

"దేవునికి వెట్టింది తప్పెట్లయితది? కొత్త స్విచ్చు ఏస్త. నువ్వు సప్పుడు జెయ్యకు."

"గింత పని ఎక్కడ నేర్చినవ్ మామా?"

మామ ఇంటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "అక్కడ నా బండి ఏసీ ఎన్నడు సక్కగ పనిచేసింది బిడ్డా? నడి ఎడారిల ఆగిపోతే మనమే ఇప్పుకోవాలె, మనమే కట్టుకోవాలె. ఒక్క ఎండకాలం సుత మంచిగ నడ్వలే. ఫోన్ల గది చెప్తే మీ అత్తమ్మ బతుకుతదా?"

నాకు ఏడుపొచ్చింది. బల్బు పట్టుకుని తల తిప్పుకున్నాను.

గృహప్రవేశం నాడు అత్తమ్మ మధ్యలో, నేను కిటికీ దగ్గర కూర్చున్నాం. వేములవాడ దాటేసరికి క్యాబిన్ నిజంగానే చల్లబడింది. అత్తమ్మ కొంగు భుజాల నిండా కప్పుకుంది. గాలి వచ్చేచోట అరచెయ్యి పెట్టి చూసింది. ఉన్నట్టుండి మామ భుజం మీద ఒక్కటి చరిచింది. "అయితె నువ్వు నిజమే చెప్పినవా? ఇన్నేండ్లు గీ సల్లలనే కూసున్నవా? మరి నేను ఉత్తగనే ఉడికిన్నా? నీ పాడుగాను!" సిరిసిల్ల వచ్చేదాకా తిడుతూనే ఉంది, మధ్యమధ్య కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది. మామ నావైపు చూడకుండా, రోడ్డు మీదే కళ్లు పెట్టి, "నేను చెప్తె నమ్మకపోతివి" అన్నాడు, అంతే. పెళ్లాం తిట్లకు అంత మురిసిపోయిన మగాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

ఆ లారీ ఎప్పుడో తుక్కుకు పోయింది. ఇప్పుడు శివరాత్రి పోయిందంటే చాలు, అత్తమ్మ కూలర్ ముందు మంచం వేయించుకుంటుంది. "నువ్వు ఏసీల కూసున్నన్ని దినాలు నేను గిప్పుడు గీన్నే కూసుంట" అంటుంది. మామ గొణక్కుండా బిందె ఎత్తుతాడు. గడిచిపోయిన ఎండాకాలానికి ఇప్పుడెవరూ గాలి విసరలేరు, వచ్చేదానికి మాత్రం కూలర్లో ముందే నీళ్లు పోసి పెట్టుకోవచ్చు.