మందస కొండల్లో ఎండుటాకు సీతాకోకచిలుక

నేను టెక్కలిలో పిల్లలకు ప్రకృతి పాఠాలు చెబుతాను. మందస కొండల్లో నీలిరెక్కల సీతాకోకచిలుక ఒకటి చూశాననీ, వాలగానే రెక్కలు మూసి అచ్చం ఎండుటాకులా మారిపోయిందనీ మద్రాసులోని ఒక పండితుడికి రాశాను. "మీరు చూసింది ఎండుటాకునే అయి ఉంటుంది" అని జవాబు వచ్చింది. ఆ మాట గుచ్చుకుంది. పట్టి చూపించాలని రెండేళ్ళలో రెండుసార్లు వెళ్ళి వట్టిచేతులతో వచ్చాను; రెండోసారి చలిజ్వరం కూడా తెచ్చుకున్నాను. మూడోసారి బయల్దేరేముందు, ఇదే ఆఖరని మా ఆవిడ ఒట్టు వేయించుకుంది.

ఆషాఢంలో ఒక ఆదివారం తెల్లవారకముందే నౌపడాలో రైలెక్కి, పలాస దాటి మందస రోడ్డులో దిగేసరికి ఏడయింది. అక్కడినుంచి కొండ అడుగుకు ఎద్దుబండిలో మూడు గంటలు. రానూపోనూ పన్నెండణాలకు ఒప్పుకున్న బండి అప్పన్న నా వల చూసి, "సేపలకేటి బాబూ, కొండెక్కుతన్నారు?" అన్నాడు. సంగతి చెబితే మాత్రం నవ్వలేదు.

వాగు దాటి పూలపొదల దగ్గర మధ్యాహ్నం దాకా కాపు కాశాను. పచ్చవీ తెల్లవీ వచ్చాయి గాని, అది రాలేదు. కట్టెలమోపుతో దిగుతున్న సవర తెగ ముసలమ్మ ఆగి, ఏం వెతుకుతున్నానో అడిగింది. చెప్పాను.

"అది పువ్వుమీద వాలదు బాబూ. కుళ్ళిన పనసపండు కాడ సూడాల."

మోపు దించి, అరగంట ఎక్కించి ఒక పనసచెట్టు కిందికి తీసుకెళ్ళింది. పగిలిన పండు చుట్టూ ఈగలు, ఎండుటాకులు. మబ్బు కమ్మింది. కింద వాగు ఒడ్డు నుంచి అప్పన్న కేక సన్నగా వినిపించింది: "వాగు పొంగుతాది, వచ్చీండి బాబూ!" నేను కదలలేదు. అంతలో పండు మీది ఆకు ఒకటి విచ్చుకుంది. ముదురు నీలం, అడ్డంగా నారింజ పట్టీ! కండువా కప్పేశాను.

వెంట తెచ్చిన పెట్టెలో పెడుతుంటే అలాంటిదే ఇంకొకటి వచ్చి వాలింది. వల ఎత్తాను.

"ఒకటి సాలదేటి?" అంది ముసలమ్మ.

వల దించేశాను. పెట్టె నెత్తిన పెట్టుకుని, నడుములోతు వాగు దాటాను.

దాన్ని ఆ పండితుడికి పంపాను. నెల తిరక్కుండా మద్రాసు నుంచి జాబు వచ్చింది: "పొరబాటు నాదే."

రెండేళ్ళు పూలవంక చూస్తూ కూర్చున్నాను. ఆ దారిన రోజూ కట్టెలు మోసే మనిషిని ఒక్కసారీ అడగలేదు. ఆ రోజు ఆమె పేరైనా అడగలేదు. పేరు కనుక్కోవడానికి మళ్ళీ వెళ్ళాలి. మా ఆవిడకింకా చెప్పలేదు. మీరు వెళితే వానల మొదట్లో, పనసపళ్ళు రాలేటప్పుడు వెళ్ళండి. మబ్బు పడితే మాత్రం నాలా ఆగకుండా ముందే వాగు దాటేయండి.