డేవిడన్న వాయించని డ్రమ్స్

సినిమా టైటిల్స్‌లో పేరు పడకముందే పరువు పోగొట్టుకోవడం ఎలాగో తెలియాలంటే నన్నే అడగాలి. ఆ విద్యలో నాకు గురువు లేడు, సొంతంగా సాధించాను.

అప్పట్లో కృష్ణానగర్‌లో అగ్గిపెట్టంత గదిలో ఉంటూ, ఫిలింనగర్‌లో ఒక సంగీత దర్శకుడి దగ్గర పనిచేసేవాణ్ణి. "ఈ మాస్ పాటకి మనిషి వాయించిన డ్రమ్స్ కావాలయ్యా, కంప్యూటర్ వాసన రాకూడదు. కుదిరిందా, టైటిల్స్‌లో నీ పేరు వేయిస్తా" అన్నారాయన. వెంటనే మా అమ్మకి ఫోన్ చేశాను. సాయంత్రానికల్లా ఆవిడ ఏలూరంతా చాటేసింది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

డ్రమ్మర్‌ని పిలవడం ఎందుకు, లాప్‌టాప్‌లో డ్రమ్మర్ సాఫ్ట్‌వేర్ ఉండగా? ఒక దెబ్బ మెత్తగా, ఒకటి కాస్త ఆలస్యంగా పడేలా శ్రద్ధగా సర్దాను. నిజంగా మనిషి వాయించినట్టే ఉంది. అక్కడ ఆగితే నేనెందుకవుతాను? స్నేర్ అనే చిన్న డ్రమ్ మీద గడగడమని జోరుగా రోల్ వేశాను. అదే క్షణంలో పక్కనున్న టామ్ డ్రమ్ మోగించాను. పైన ఇత్తడి పళ్లెంలాంటి సింబల్ కూడా పగలగొట్టాను. పెళ్లిలో వడ్డించేవాడు విస్తట్లో జాగా కనబడితే ఊరుకోడు చూడండి, అదీ నా వరస.

సంగీత దర్శకుడుగారు విని పొంగిపోయి, వాయించిందెవరని అడిగారు. కూర్పు నాదేనని, వాయించింది మాత్రం మా పక్కగది డేవిడన్నని, షేక్‌పేట చర్చిలో ఆయన పెద్ద పేరని కోసేశాను. పేరున్న మాట నిజమే. ఈ పాట ఆయన విననుకూడా లేదు.

"రేపు నిర్మాతగారొస్తున్నారు. అతన్ని తీసుకురా, ఎదురుగా వాయిస్తాడు."

డేవిడన్న కాళ్లమీద పడ్డాను. అబద్ధానికి నాలుగు చీవాట్లు పెట్టి, పాపం వచ్చాడు. స్టూడియోలో నిర్మాతగారి ఎదుట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మూడుసార్లు విన్నాడు. స్టిక్స్ ఎత్తాడు, దించాడు. తన చేతులు చూసుకున్నాడు.

"సార్, నా రెండు చేతులు గీ రోల్‌కే సరిపోయినయ్. మరి గా సింబల్, గా టామ్ కొట్టినోడు ఏడున్నడు? వాన్ని గూడ పిలువుండ్రి."

అందరూ నన్నే చూశారు. వాడు నా లాప్‌టాప్‌లోనే ఉన్నాడని ఒప్పేసుకున్నాను.

దర్శకుడుగారు తిట్టలేదు. రెండు స్టిక్స్ నా చేతిలో పెట్టారు. "ఆ మిగతా చేతులు ఇచ్చింది నువ్వే కదా. కూర్చో."

జన్మలో స్టిక్ పట్టుకోని వాణ్ణి, డేవిడన్న పక్కన అర స్టూలు మీద కూర్చుని బాదాను. ఒక దెబ్బ ముందు, ఒకటి వెనక, ఒకటి డేవిడన్న వేళ్ల మీద. నిర్మాతగారు మాత్రం తల ఊపుతూ, "ఇప్పుడుందండీ మనిషి వాయించినట్టు, ఇదే ఉంచేయండి" అన్నారు.

సినిమా విడుదలైంది. అమ్మ మా వీధి వీధినంతా హాలుకి తోలుకెళ్లింది. తెర మీద పడింది: డ్రమ్స్, డేవిడ్. కింద నా పేరు, దాని పక్కన 'అదనపు చేతులు'.

ఇంటర్వెల్‌లో అమ్మ ఫోన్ చేసి, "అదేం ఉద్యోగంరా?" అంది.

ఆనాడే లాప్‌టాప్ మీద చెయ్యివేసి ప్రమాణం చేశాను. ప్రతి బీటూ ముందు గాల్లో నా చేతులతో వాయించి చూస్తాను. మూడో చెయ్యి అడిగిన దెబ్బని నిర్దాక్షిణ్యంగా తీసేస్తాను. నాలుగు చేతుల వైభవం ఇక గుళ్లో దేవుడికే వదిలేశాను.