ఆశ్లేష నాలుగో పాదం

పెళ్లిచూపులయ్యాక మేమిద్దరం సరేనన్నాం. పెద్దవాళ్లూ సరేనన్నారు. మిగిలింది జాతకాల పొంతన ఒక్కటే. అది ఉత్త లాంఛనం అనుకున్నాను. అతను అప్పటికే ఇద్దరి పుట్టిన వేళలు ఫోన్‌లో పెట్టి చూసి, మంచి మార్కులే వచ్చాయని నాకు పంపాడు.

మాది చేవెళ్ల. మొయినాబాద్ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. వాళ్లది మొయినాబాదే. తండ్రి అతని చిన్నప్పుడే పోయాడు. తల్లి ఉన్న కాస్త చెలకలో చామంతి, బంతి పండించి ఒక్క కొడుకునూ చదివించింది.

జాతకాలు చూసే అయ్యగారి దగ్గరికి మా బాపు, అతని తల్లి, మేనమామ వెళ్లారు. ఆ పూట నేను డ్యూటీలో ఉన్నాను. చేతులు ఒకచోట నిలవలేదు. ఫిజిక్స్ పుస్తకాలు తీసుకెళ్లి మేనేజ్‌మెంట్ అరలో సర్దాను. ఫోన్ బోర్లా పెట్టడం, మళ్లీ తిప్పి చూడటం, ఇదే పని. ఫోన్ మాత్రం రాలేదు. బాపే బండి మీద కాలేజీ గేటు దాకా వచ్చాడు. ఆయన అట్లా వచ్చాడంటేనే సంగతి మంచిది కాదని తెలిసిపోయింది.

"అన్ని మంచిగనే కలిసినయి బిడ్డా. ఒక్కటే తేడా వచ్చింది. నీది ఆశ్లేష నాలుగో పాదమంట. గా పాదంల పుట్టిన పిల్లను చేసుకుంటే అత్త పానానికి మంచిది కాదన్నడు."

"ఆమె ముందటనే అన్నడా?"

"ముందటనే. ఆమె మంచినీళ్లు అడిగి తాగింది."

సాయంత్రం అతను ఫోన్ చేశాడు. "నాకు గిసొంటి పట్టింపు లేదు. శాంతి చేపిస్తే పోతదన్నడు అయ్యగారు. మామ ఏమంటున్నడంటే, ఏడాది మనం గండిపేటల కిరాయికుండి, అమ్మకు దూరముంటే సరిపోతదంట."

"మీ అమ్మ ఏమంటున్నది?"

"అన్నం ముందట పెట్టుకొని తినకుండ కూసుంటున్నది."

ఆ తర్వాతి రోజులు నాకు కుదురుగా గడవలేదు. బస్సులో సీటు దొరికినా కూర్చోబుద్ధయ్యేది కాదు. ఇంట్లో అమ్మ నేను పుట్టిన వేళనే తిరగేసి మరగేసి తలుచుకునేది. "దవాఖానల గడియారం జర ఎనకకున్నదేమో," అనేది. ఇంకాస్త ఆగి పుడితే నాది మఖ నక్షత్రం అయ్యేదట. ఆగలేకపోవడం తన తప్పే అయినట్టు నా ముఖం చూసేది. ఆ చూపు పడలేక వాకిట్లోకి వెళ్లిపోయేదాన్ని.

ఒకరోజు కాలేజీ నుంచి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. పెళ్లి కాకుండా పిల్ల అత్తగారింటి గడప తొక్కడం మా దిక్కు లేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. అతని తల్లి అరుగు మీద గోనెసంచి పరిచి, నలిగిన చామంతులు ఏరి పక్కన పెడుతోంది. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూర్చుంది.

"అత్తమ్మా, మీతోని మాట్లాడుదామని వచ్చిన. ఇంట్ల చెప్పలే."

"మంచిగ జేసినవ్. కూసో." కాసేపు పూలు ఏరింది. "నాకు భయమైతున్నది బిడ్డా. నీతోని అబద్ధమెందుకు? పిలగాడు చిన్నగున్నప్పుడు సావుకు భయపడే తీరిక గూడ లేకుండె నాకు. ఇప్పుడిప్పుడే సంఘం ఆడోళ్లతోని నాలుగూర్లు తిరుగుతున్న. మొన్న శ్రీశైలం పోయొచ్చిన. ఇంకా బతకాలనున్నది."

ఇవన్నీ ఉత్త నమ్మకాలని చెప్పడానికి దారంతా మాటలు కూడగట్టుకుని వచ్చాను. ఆమె ముఖం చూశాక వాటిని పక్కన పెట్టేశాను.

"నాకూ భయమే అత్తమ్మా," అన్నాను. "రేపు మీకు తలనొప్పి లేచినా అందరు నా దిక్కే చూస్తరు. నేను గూడ నన్నే అనుమానపడతనేమో."

ఆమె చేయి పూల మీదే ఆగిపోయింది. "నువ్వు గూడ భయపడుతున్నవా? నేనొక్కదాన్నే అనుకున్న."

"మమ్మల్ని గండిపేటల ఉండుమంటే ఉంటం."

"మీరు ఆడ, నేనీడ కూసొని దినాలు లెక్కపెట్టుకోవాల్నా? వద్దు. ఉంటే అందరం ఒక్కకాడనే ఉందాం." లేచి చాయ్ పెట్టింది. పంచదార వేయడం మరిచిపోయింది. నేను అట్లాగే తాగేశాను.

శాంతి చేయించారు. పెళ్లయింది. నా కుదురులేనితనం మాత్రం నాతోపాటే అత్తగారింటికి వచ్చింది. ఆమె చెలక నుంచి రావడం కాస్త ఆలస్యమైతే గేటు దగ్గరికి వెళ్లి నిలబడేదాన్ని. మెట్లు తడిగా ఉంటే ముందే తుడిచేసేదాన్ని.

ఆ ఏడు వానల్లో ఆమెకు జ్వరం పట్టుకుంది. డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని దవాఖానలో చేర్చుకున్నారు. రిపోర్టు వచ్చినప్పుడల్లా నేను వరండాలోకి పోయి తిరిగేదాన్ని. లోపల ఉంటే నా నీడ ఆమె మీద పడుతుందేమోనని భయం. చదువుకున్నదాన్ని, అయినా అట్లాగే అనిపించింది. మేనమామ చూడడానికి వచ్చాడు. మంచం వైపు చూసి, తర్వాత నా వైపు చూశాడు. అంతే.

ఆమె అది కనిపెట్టింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "దోమ కుట్టినందుకు కోడలేం జేస్తదన్నా?" అంది. "దాన్నట్ల చూడకు. పొద్దటి సంది ఏం తినలే. కిందికి తోల్కపోయి ఇడ్లీ తినిపియ్యి."

ఆయన నన్ను క్యాంటీన్‌కు తీసుకెళ్లాడు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. తన ప్లేటులోని వడ ఒకటి తీసి నా ప్లేటులో పెట్టాడు.

ఆమె కోలుకుని ఇంటికొచ్చింది. మళ్లీ పూలకు పోతోంది, సంఘం వాళ్లతో ఊర్లూ తిరుగుతోంది. నా భయం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. పోతుందని కూడా అనుకోను. అన్నం తినేటప్పుడు ఆమె దగ్గితే చాలు, వంటింట్లోంచి గరిటెతో సహా బయటికి వస్తాను. ఆమె గ్లాసెత్తి రెండు గుక్కలు తాగి, నా వైపు చేయి ఊపుతుంది.

"పొలమారింది బిడ్డా. ఎవరో తలుసుకుంటున్నట్టున్నరు. పో, కూర మాడుతున్నది."