నేను తెలుగులో చెప్పని మాట

కంప్యూటర్ల వైటూకే హడావుడి గడిచిన మరుసటి ఏడాది నేను దేశం దాటొచ్చి, పారమట్టా అనే ఊరి దగ్గర ఒక ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తూ, క్యాన్సర్ మందుల్లో ప్రత్యేక అర్హత కోసం చదువుతున్నాను. మన దేశంలో చదివొచ్చినవాడు ఇక్కడ మామూలు ఫార్మసిస్టుగా రిజిస్టర్ కావడానికే చాలా కష్టపడాలి. ఇది దాని మీద ఇంకో మెట్టు. ముందు రాత పరీక్ష. అది గట్టెక్కితే పరీక్షకుల ఎదుట రోగితో మాట్లాడి చూపించాలి. రోగిగా ఒక నటిని కూర్చోబెడతారు. మా విభాగంలో ఆ అర్హత ఉన్నది మా సీనియర్‌ ఒక్కావిడకే.

ఆ చదువు నాకు అంత అవసరమని అప్పుడెందుకు అనిపించిందో ఇప్పుడు దాచుకోవాల్సిన పనిలేదు. మా ఫ్లాట్ల చుట్టుపక్కల తెలుగువాళ్లంటే కంప్యూటర్లవాళ్లే. ఆదివారం పార్కులో మాంసం కాల్చుకునే బార్బీ దగ్గర కలిస్తే వాళ్ల మాటలన్నీ కాంట్రాక్టులూ రేట్లూ. నన్ను చూస్తే వాళ్లకు ఆటవిడుపు.

"ఏరా కాంపౌండరూ, ఇంకా మాత్రలు సీసాల్లో పోస్తూనే ఉన్నావా?"

"వదిలెయ్ రా వాణ్ణి. ఆరు నెలలు జావా నేర్చుకోమంటే, ఇంకో ఎగ్జామ్ అంటాడు. సిక్స్టీ వచ్చినా వీడికి హాల్ టికెట్ వస్తూనే ఉంటది."

నేనూ నవ్వేవాణ్ణి. ఇంటికొచ్చాక ఆ నవ్వు ఒంటికి పట్టేది కాదు. నా పేరు పక్కన నాలుగు అక్షరాలు చేరితే వీళ్ల నోళ్లు మూతపడతాయనుకునేవాణ్ణి.

ఆ గుంపులో నాకు దగ్గరివాడు ఒకడున్నాడు. బ్యాంకుకు ప్రోగ్రాములు రాసేవాడు. వాడి నాన్నగారు పోయాక, ఇక్కడే స్థిరపడే పీఆర్ వచ్చాక, వాళ్లమ్మను ఇక్కడికే తెచ్చుకున్నాడు. అందరికీ ఆవిడ ఆంటీ. పండ్ల షాపువాళ్లు పారేసిన తెల్లటి థర్మకోల్ పెట్టెల్లో బాల్కనీ నిండా బచ్చలి పెంచేది. నేను వచ్చిన కొత్తలో ఆ బచ్చలి పప్పు తిని బతికాను. ఆవిడకు ఇంగ్లీషు రాదు. బస్సు డ్రైవరుతో, ఫిష్ షాపతనితో కూడా తెలుగులోనే మాట్లాడి పని జరుపుకొచ్చేది.

ఆ ఏడాది చలికాలంలో ఆంటీకి పేగులో గడ్డ పడి ఆపరేషన్ అయింది. అది క్యాన్సరే. కాలేయానికి కూడా పాకింది. చికిత్స మా ఆసుపత్రిలోనే. ఆ మందు మాత్రల రూపంలో రావడం అప్పటికి కొత్త. రెండు వారాలు వేసుకోవాలి, ఒక వారం మానాలి, మళ్లీ మొదలుపెట్టాలి. ఆంటీ భాషవాణ్ణి, పైగా ఆ విభాగంలోవాణ్ణి కాబట్టి, విషయం చెప్పడానికి పక్కన ఉండమని డాక్టరు నన్ను పిలిచాడు.

లోపలికి వెళ్లేముందు నా స్నేహితుడు కార్ పార్కులో నా చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మకి ఆ మాట చెప్పకురా. నాన్న దాంతోనే పోయాడు. తెలిస్తే ఆ దిగులుకే పోద్ది."

"డాక్టరు చెప్తాడు కదరా. అది ఇక్కడ రూల్."

"డాక్టరు ఇంగ్లీషులో చెప్తాడు. అమ్మకి చెప్పేది నువ్వు. ప్లీజ్ రా."

మన ఇళ్లలో ఇది కొత్తేమీ కాదు. జబ్బు ఒకరిది, సమాచారం మిగతావాళ్లది. మా తాతకూ అలాగే దాచారు. అది ప్రేమే అనుకుంటూ పెరిగాను. కానీ నేను చేసింది ఊరికే దాచడం కాదు. డాక్టరును పక్కకు పిలిచి, ఆవిడ భయస్థురాలు, మీరు 'ట్యూమర్' అనండి, పెద్దమాట నేను మా భాషలో నెమ్మదిగా చెప్తాను అన్నాను. ఆయన నన్ను నమ్మాడు. ఆయన ట్యూమర్ అన్నాడు. నేను గడ్డ అన్నాను. ఆయన, అది ఇతర చోట్లకు పాకింది అన్నాడు. నేను, మళ్లీ రాకుండా మాత్రలిస్తారు అన్నాను. ఆంటీ డాక్టరుకు దణ్ణం పెట్టింది.

మాత్రలిచ్చేటప్పుడు ఎలా వేసుకోవాలో తెలుగులో గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాను. పొద్దున, రాత్రి, అన్నం తిన్నాక.

"ఇవి దేనికయ్యా, బలానికా?" అంది.

"బలానికే అనుకోండి ఆంటీ. వేసుకునే రెండు వారాల్లో ఒక్క పూట కూడా మానకూడదు. మానితే గడ్డ మళ్లీ వస్తుంది."

విరేచనాలు పట్టుకుంటే వెంటనే మాత్రలు ఆపి ఆసుపత్రికి ఫోన్ చేయాలన్నది ఆ మందుకు సంబంధించి అన్నిటికంటే ముఖ్యమైన మాట. అది ఆవిడకు చెప్పలేదు. బలం మాత్రలకు అంత జాగ్రత్త ఎందుకని అడుగుతుందని భయపడ్డాను. ఆ మాట కొడుక్కి చెప్పాను. వాడు తలూపాడు. కొన్నాళ్లకే వాడి కాంట్రాక్టు పోయింది. అప్పటికే కంప్యూటర్ ఉద్యోగాల జోరు తగ్గింది. మెల్‌బోర్న్‌లో ఏదో దొరికితే వారమంతా అక్కడే ఉండి శుక్రవారం వచ్చేవాడు.

నా రెండో పరీక్షకు ముందురోజు సాయంత్రం ఆంటీ ఫోన్ చేసింది. అప్పుడు నా ముందున్న పుస్తకంలో ఆ మందు దుష్ఫలితాల పేజీయే తెరిచి ఉంది.

"చదువుకుంటున్నావా నాయనా? విసిగిస్తున్నానేమో."

"లేదాంటీ, చెప్పండి."

"ఏం లేదయ్యా, వేడి చేసింది. అరికాళ్లు ఒకటే మంటలు. నోరు పొక్కింది. సబ్జా గింజలు నానేసి తాగుతున్నా, తగ్గట్లా."

వేడి కాదని నాకు తెలుసు. "విరేచనాలు అవుతున్నాయా ఆంటీ?"

ఆవిడ మాట దాటేసింది. కొడుకు వయసువాడితో మాట్లాడే సంగతి కాదది. "ఏదో కాస్త కడుపు బాలేదు. మజ్జిగలో మెంతులేసుకున్నాలే. నీకెందుకా గొడవ."

"మాత్రలు ఆపెయ్యండి ఆంటీ. రేపు నేనొచ్చేదాకా వేసుకోకండి."

"అదేంటి? పూట కూడా మానొద్దని నువ్వేగా అంది?"

"ఒకటి రెండు పూటలకేం కాదు."

"వేడి చేసిందని బలం మందు మానేస్తారటయ్యా ఎవరైనా? మజ్జిగన్నం తిని వేసుకుంటాలే. నువ్వు చదువుకో. రేపేగా పరీక్ష."

ఆ క్షణంలో ఒక్క మాట చాలు. ఇది క్యాన్సర్ మందు, మీ ఒంట్లో ఎక్కువైంది, అంబులెన్సు పిలుస్తున్నాను. నోటిదాకా వచ్చింది. అది అంటే అంతకుముందు నేనన్నవన్నీ అబద్ధాలవుతాయి. "సరే ఆంటీ, జాగ్రత్త" అన్నాను. మెల్‌బోర్న్‌కు ఫోన్ చేస్తే వాడి మొబైల్ పలకలేదు. మెసేజ్ పెట్టాను. ఆవిడ ఇల్లు బస్సులో పది నిమిషాల దూరం. వెళ్లలేదు. పరీక్ష అవగానే వెళ్దామనుకుని పేజీ తిప్పాను.

మర్నాడు పరీక్షగదిలో నా ఎదురుగా ఒక పెద్దావిడ కూర్చుంది. జుట్టుకు స్కార్ఫు కట్టుకుని, భయపడుతున్నట్టు చేతులు ముడుచుకుంది. కొత్తగా మాత్రలు మొదలుపెడుతున్న రోగిగా నటించాలి ఆవిడ. నేను కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకున్నాను. ఇది క్యాన్సర్ మందు, మీకు ఈ సంగతి డాక్టరు చెప్పారా అని ఇంగ్లీషులో అడిగాను. అరికాళ్లు మండితే ఏం చేయాలో, విరేచనాలైతే ఎన్నోసారికి ఆపాలో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో చెప్పి, తిరిగి ఆవిడ చేత చెప్పించాను. తడబడలేదు. నటి కళ్లలో నీళ్లు తెచ్చుకుంటే టిష్యూ అందించాను. పరీక్షకుల్లో ఒకాయన మెచ్చుకోలుగా తలూపి రాసుకున్నాడు. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. అయినా ఆపలేదు.

బయటికొచ్చి మొబైల్ ఆన్ చేస్తే నా స్నేహితుడి మెసేజ్. పొద్దున ఆంటీ బాత్రూములో పడిపోయింది. కింది ఫ్లాట్లో ఉండే లెబనీస్ ఆవిడ చప్పుడు విని అంబులెన్సు పిలిచింది. నేను ఆసుపత్రికి చేరేసరికి ఆంటీకి సెలైన్ ఎక్కుతోంది. నాలుక ఎండిపోయి పెదాలు చిట్లాయి. తెల్లకణాలు అడుగంటాయి. ఆ రోజు కూడా పొద్దుటి మాత్ర వేసుకునే పడిపోయిందట.

కొన్ని రోజులు ఆవిడ మాకు దక్కుతుందో లేదో తెలియలేదు. దక్కింది. కూర్చోగలిగాక డాక్టరు వచ్చి, తనకు ఏం జబ్బో రోగికి తెలియదని నర్సులు చెప్తున్నారు, నువ్వు చెప్తానన్నావు కదా, అన్నాడు. అవును, అన్నాను. ఆయన అంతకంటే ఏమీ అడగలేదు. తెలిసినవాళ్లు ఇక మాటలు మార్చి చెప్పడం వద్దని ఫోన్‌లో దుబాసీని పిలిపించాడు. స్పీకర్ ఫోన్ మంచం మీద పెట్టారు. ఎక్కడి నుంచో ఒకమ్మాయి గొంతు. తెలంగాణ పిల్ల.

"అమ్మా, మీకు పేగుల క్యాన్సర్ ఉన్నదని డాక్టర్ గారు చెప్తున్నరు. మీరు వేసుకునే గోలీలు దానికే. ఆ గోలీలు ఎక్కువయ్యే మీకు ఇట్ల అయింది."

"ఇంకోసారి చెప్పమ్మా."

ఆ పిల్ల మళ్లీ చెప్పింది. ఆంటీ ఏడవలేదు, దిగులుకు పోలేదు. కొడుకు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆవిడ నావైపు చూసింది.

"మా ఆయనకి ఈ మందులు ఎక్కించేప్పుడు ఇట్టాగే విరేచనాలు పట్టుకుంటే నర్సుని పిలిచి ఆపించింది నేనే. నువ్వు చెప్పుంటే రెండోనాడే ఆపేదాన్ని కదయ్యా."

తప్పయింది ఆంటీ, అన్నాను. ఆవిడ కళ్లు మూసుకుంది. అది క్షమించడమో, అలసటో నాకు తెలియదు. తర్వాత కొన్నిసార్లు అదే మాట అన్నాను. ప్రతిసారీ "సర్లే" అంది.

అర్హత వచ్చింది. మా సీనియర్‌ జరిగింది తెలిసి కూడా నన్ను తీసెయ్యలేదు. ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడింది, అంతే. తీసేస్తే నాకు కాస్త తేలికయ్యేదేమో.

ఆ నెలలోనే ఆంటీకి తగ్గించిన మోతాదులో మాత్రలు మళ్లీ మొదలుపెట్టాలని పిలిచారు. మందు వివరించే పని నాది కాబట్టి నేనూ గదిలో ఉన్నాను. ఆంటీ కుర్చీలో నిటారుగా కూర్చుని, దుబాసీ పిల్ల లైన్లో ఉన్న స్పీకర్ ఫోన్ వైపు వంగింది.

"అమ్మాయ్, ఎన్నాళ్లు ఉంటానో డాక్టరుగారిని అడగాలి. అంతకుముందు ఒకటి చెప్పు. ఈ గదిలో ఉన్న ఆయన్ని కాసేపు బయట కూర్చోమనొచ్చేమో కనుక్కో."

ఆయన అంటే నేనే. ఆ మాట నాకు ముందే అర్థమైంది. అయినా ఆ పిల్ల దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, డాక్టరు విని, నావైపు తిరిగేదాకా అలాగే నిలబడ్డాను. అప్పుడు బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను.

వరండాలో కుర్చీలో కూర్చున్నాను. లోపల ఆంటీ గొంతు వినిపిస్తోంది కానీ మాటలు తెలియట్లేదు. అటుగా వెళుతున్న వార్డు నర్సొకావిడ ఆగి, పరీక్ష పాసయ్యావట, కంగ్రాచ్యులేషన్స్, అంది. థాంక్స్ అన్నాను. ఇక్కడేం చేస్తున్నావని అడిగితే, పేషెంటు కోసం చూస్తున్నాను అన్నాను.